మూడు ఇళ్ల వీధి: షుగర్ పాఠం చెప్పేవాళ్ల కథ

ఈ వారం ఎపిసోడ్ డ్యూటీ మధ్యలో వినడం కుదరని వాళ్ల కోసం ఇక్కడ రాసి పెడుతున్నాను. విషయం షుగర్. కానీ ఇది మందుల చరిత్ర కాదు. అమెరికాలో రోగిని కూర్చోబెట్టి షుగర్ గురించి నేర్పే మనిషి, అంటే డయాబెటిస్ ఎడ్యుకేటర్, ఎలా వచ్చారు? జబ్బు వచ్చాక చెప్పే ఆ పాఠం రాకముందే చెప్పే దాకా ఎలా చేరింది? అదీ కథ.

1921 జనవరి. ఇన్సులిన్ ఇంకా చేతికి రాలేదు. బోస్టన్ డాక్టర్ ఎలియట్ జోస్లిన్ అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో షుగర్ నివారణ మీద ఒక వ్యాసం రాశారు. అందులో న్యూ ఇంగ్లండ్‌లోని ఒక పల్లె వీధి గురించి చెప్తారు. పక్కపక్కనే మూడు ఇళ్లు. వాటిల్లో వరసగా కాపురం ఉన్న ఏడుగురు ఇంటి పెద్దల్లో ఆరుగురు షుగర్‌తోనే పోయారు. ఇదే టైఫాయిడ్ అయ్యుంటే ఆరోగ్య శాఖ వాళ్లు ఊరిమీదకి దిగేవాళ్లు కదా, షుగర్‌కి ఎవరూ ఎందుకు కదలరు అన్నది ఆయన ప్రశ్న.

జోస్లిన్ 1918లోనే డాక్టరుకీ రోగికీ కలిపి ఒక షుగర్ పుస్తకం రాశారు. రోగికి తిండి కొలతలు, పరీక్షలు నేర్పే పని నర్సులకి అప్పగించారు. 1922లో ఇన్సులిన్ వాడకం మొదలయ్యాక ఆ పని ఇంకా పెరిగింది. రోజూ సూది వేసుకోవాల్సింది రోగే కాబట్టి, నేర్పేవాళ్లు లేకపోతే మందు ఉన్నా లాభం లేదు. జోస్లిన్ నర్సులు రోగుల ఇళ్లకి వెళ్లి మరీ నేర్పేవాళ్లు. అలా మొదలైన పనికి 1973లో ఒక సంఘం, 1986లో సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు వచ్చాయి. అయితే ఇదంతా జబ్బు వచ్చినవాళ్ల కోసం.

రాకముందే నేర్పితే ఆగుతుందా? దీన్ని తేల్చడానికి 1996లో డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాం అనే అధ్యయనం మొదలైంది. 27 కేంద్రాలు, 3,234 మంది. అందరికీ షుగర్ బోర్డర్‌లో ఉంది. కొందరికి మెట్‌ఫార్మిన్ మాత్ర, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఇంకొందరికి ఒక కోచ్‌ని పెట్టి 16 పాఠాలు చెప్పించారు. లక్ష్యాలు రెండే: బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం. 80 కిలోల మనిషికి 7 శాతం అంటే ఐదున్నర కిలోలు. 2002లో ఫలితాలు అచ్చయ్యాయి. మాత్ర షుగర్ ముప్పుని 31 శాతం తగ్గిస్తే, పాఠం 58 శాతం తగ్గించింది.

ఇంత తేలినా డబ్బు దగ్గర ఆలస్యమైంది. జబ్బు వచ్చిన పెద్దవాళ్లకి షుగర్ పాఠం చెప్పించే ఖర్చుని మెడికేర్‌లో పెట్టిన చట్టం 1997 నాటిది. రాకుండా ఆపే క్లాసుకి మెడికేర్ డబ్బు ఇవ్వడం మొదలైంది 2018లో. ఈ మధ్యలో, 2010లో, సీడీసీ ఆధ్వర్యంలో దేశమంతా ఈ క్లాసులు నడపడానికి చట్టం వచ్చింది. వీటిని చెప్పేది నర్సో డైటీషియనో కానక్కర్లేదు. శిక్షణ తీసుకున్న మామూలు మనిషైనా చెప్పొచ్చు. అంటే మన తెలుగువాళ్లూ చెప్పొచ్చు.

ఇక మన సంగతి. అమెరికా అధ్యయనంలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో మూడేళ్లకి సుమారు 29 శాతం మందికి షుగర్ వచ్చింది. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం ఇలాంటిదే చేసి 2006లో ప్రచురించింది. అక్కడ ప్రత్యేకంగా ఏ సలహా, మాత్ర ఇవ్వనివాళ్లలో మూడేళ్లకి 55 శాతం మందికి వచ్చేసింది. మనవాళ్లు బోర్డర్ దాటే వేగం అది. తిండి, నడక గురించి చెప్పినవాళ్లలో ముప్పు 28 శాతం పైగా తగ్గింది.

2015 నుంచి అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియావాళ్లకి పరీక్ష గీతని బీఎంఐ 25 నుంచి 23కి దించింది. ఐదడుగుల ఏడంగుళాల మనిషికి 25 అంటే సుమారు 72 కిలోలు, 23 అంటే 67. "నేను సన్నగానే ఉన్నా కదా" అనుకునే మనలో చాలామంది ఆ మధ్యలోనే ఉంటాం.

న్యూజెర్సీలో నేనూ ఇలాంటి క్లాసుకి వెళ్లాను. పుస్తకంలో ఉన్నది ఓట్‌మీల్, శాండ్‌విచ్. నేను రాసుకెళ్లింది అన్నం, పప్పు, పెరుగు. మా కోచ్ అన్నం మానేయమనలేదు. ఒక కప్పు తెచ్చి, రోజూ ఎంత పెట్టుకుంటానో కొలవమంది. మూడు కప్పులు! కప్పు అన్నంలో సుమారు 45 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. కొలిచి చూసుకున్నాక ఇంకెవరూ నాకు చెప్పక్కర్లేకపోయింది.

మీరు డాలస్‌లో ఉన్నా దమ్మామ్‌లో ఉన్నా ఒక పని చేయండి. పరగడుపు షుగర్ 100 నుంచి 125 మధ్య, లేదా మూడు నెలల సగటు చెప్పే ఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే, అమెరికా లెక్కలో అది బోర్డర్. రిపోర్టు మడిచి బ్యాగులో పెట్టుకోకండి. షుగర్ రాకుండా నేర్పే క్లాసు ఉందా, ఇన్సూరెన్సు ఇస్తుందా అని డాక్టర్ని అడగండి. క్లాసు లేని చోట డైటీషియన్‌ని చూపించమనండి. ఇంటికి డబ్బు పంపేది ఈ ఒంటి మీద ఆధారపడే కదా.

జోస్లిన్ చూసిన మూడు ఇళ్లకి వెళ్లి చెప్పేవాళ్లు అప్పుడు లేరు. ఇప్పుడున్నారు. రూంమేట్‌కి కూడా ఒక మాట చెప్పండి. వచ్చే వారం కలుద్దాం.