కారు మీటర్లు నిజమే చెప్తున్నాయా? షోరూమ్‌కి వెళ్లకుండానే చెక్ చేసుకునే పద్ధతులు

స్పీడ్ ఎంత, పెట్రోల్ ఎంత మిగిలింది, ఇంజిన్ ఎంత వేడెక్కింది, బండి ఇప్పటిదాకా ఎన్ని కిలోమీటర్లు తిరిగింది. ఇవన్నీ డ్యాష్‌బోర్డే చెప్తుంది, నడిపేవాళ్లు నమ్మేస్తారు. కానీ ఒక్కో మీటర్ ఒక్కో రకంగా తప్పు చూపిస్తుంది. స్పీడోమీటర్ కావాలనే కొంచెం ఎక్కువ చెప్తుంది. టెంపరేచర్ ముల్లు చాలా విషయాలు దాచిపెడుతుంది. పెట్రోల్ ముల్లుది అంచనా మాత్రమే. ఈద్‌కి పిల్లాపాపలతో ఊరికి బయల్దేరే కుటుంబానికైనా, రోజంతా క్యాబ్ నడిపే డ్రైవర్‌కైనా, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్ కారు బేరమాడే వాళ్లకు, ఏ మీటర్‌ని ఎంతవరకు నమ్మాలో తెలిసి ఉండటం అవసరం. చెక్ చేయడానికి ఒక ఫోను, ఒక పెన్ను, కాస్త ఓపిక చాలు.

స్పీడోమీటర్

స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపకూడదన్నది చాలా దేశాలు పాటించే నియమం. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వ నంబరు దీని గురించే ఉంది. దాని ప్రకారం మీటర్ అసలు వేగం కంటే ఒక్క కిలోమీటరు కూడా తక్కువ చూపకూడదు. ఎక్కువ చూపొచ్చు, కానీ అసలు వేగంలో పదో వంతుకు 4 కలిపితే వచ్చే అంకె దాటకూడదు. అంటే కారు నిజంగా 80లో వెళ్తుంటే మీటర్ 80 నుంచి 92 దాకా ఎంతైనా చూపొచ్చు. 100లో వెళ్తుంటే 114 దాకా. మన దేశంలో సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్, 1989లో 117వ రూల్ స్పీడోమీటర్ కోసమే ఉంది.

కంపెనీలు ఎక్కువ చూపించేలా ఎందుకు పెడతాయంటే, టైర్ కొత్తగా ఉన్నప్పుడు ఒక లెక్క, అరిగాక ఇంకో లెక్క. గాలి తగ్గితే మరో లెక్క. ఏ పరిస్థితిలోనూ తక్కువ చూపకుండా ఉండాలంటే ముందే కాస్త మార్జిన్ వేసుకోవాలి. అందుకే మీటర్ 100 చూపిస్తున్నప్పుడు అసలు వేగం 95, 96 ఉండటం రోగం కాదు, మామూలే.

చెక్ చేసే పాత పద్ధతి కిలోమీటరు రాళ్లు. నేషనల్ హైవే మీద పసుపు తల రాళ్లు, స్టేట్ హైవే మీద ఆకుపచ్చ తల రాళ్లు ఉంటాయి. హైదరాబాద్-విజయవాడ లాంటి రోడ్డు మీద, ట్రాఫిక్ లేని తిన్నని చోట, మీటర్ మీద 80 పెట్టి అదే వేగంలో ఐదు రాళ్లు దాటాలి. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కాలి. డ్రైవర్ మాత్రం ఫోన్ ముట్టుకోకూడదు. నిజంగా 80లో వెళ్తుంటే 5 కిలోమీటర్లకు 225 సెకన్లు పడుతుంది. 234 సెకన్లు పట్టిందనుకోండి, అసలు వేగం దాదాపు 77. మీటర్ 3 ఎక్కువ చెప్తోందన్నమాట. ఒక్క రాయితో లెక్క కట్టొద్దు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొన్ని రాళ్లు అటూ ఇటూ జరుగుతాయి.

ఇప్పుడు జీపీఎస్ తేలిక. గూగుల్ మ్యాప్స్‌లోనే స్పీడ్ కనిపిస్తుంది. అయితే జీపీఎస్ కూడా వేగం మారుతున్నప్పుడు కొద్దిగా వెనకబడుతుంది, ఫ్లైఓవర్ కింద, ఎత్తైన బిల్డింగుల మధ్య తడబడుతుంది. అందుకే ఖాళీ ఆకాశం కింద, చదును రోడ్డు మీద, 40, 60, 80 దగ్గర ఒక్కోసారి అర నిమిషం పాటు వేగం మార్చకుండా నడిపి రెండు అంకెలూ రాసుకోవాలి. తర్వాత ఆ తేడాలను పక్కపక్కన పెట్టి చూడాలి. అన్ని వేగాల దగ్గరా తేడా 3, 3, 3 అంటే కంపెనీ పెట్టిన మార్జినే అనుకోవచ్చు. 40 దగ్గర 2, 60 దగ్గర 3, 80 దగ్గర 4 అంటూ వేగంతోపాటు పెరిగితే టైర్ సైజు మీద కూడా అనుమానం రావాలి.

మీటర్ జీపీఎస్ కంటే తక్కువ చూపిస్తే మాత్రం వదిలేయకూడదు. 80 లిమిట్ ఉన్న చోట మీటర్ 78 చూపిస్తూ కారు 84లో పోతుంటే చలాన్ వచ్చాక మీటర్‌ని సాక్ష్యంగా ఎవరూ ఒప్పుకోరు. ఓవర్‌స్పీడ్‌కి కారు లాంటి చిన్న వాహనాలకు మోటారు వాహనాల చట్టం 183 సెక్షన్ కింద 1,000 నుంచి 2,000 రూపాయల జరిమానా ఉంది. గల్ఫ్‌లో బండి నడిపే మనవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. దుబాయ్‌లో బోర్డు మీది లిమిట్‌కి 20 కిలోమీటర్లు దాటేదాకా రాడార్ పట్టుకోదన్న లెక్క నడుస్తుంది. అబుదాబిలో ఆ వెసులుబాటును 2018 ఆగస్టులో తీసేశారు. అక్కడ బోర్డు మీది అంకే లిమిట్.

టైర్ మారితే అన్ని లెక్కలూ మారతాయి

చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి కారు వేగం, దూరం రెండూ చెప్తుంది. చక్రం చుట్టుకొలత మారిన సంగతి దానికి తెలియదు. స్విఫ్ట్‌లో కింది మోడల్‌కి 165/80 ఆర్14, పై మోడల్‌కి 185/65 ఆర్15 టైర్లు వచ్చాయి. చూడటానికి వేరు, కానీ మొత్తం ఎత్తు లెక్కేస్తే మొదటిది దాదాపు 620 మిల్లీమీటర్లు, రెండోది 621 పైచిలుకు. అందుకే ఇబ్బంది లేదు. అదే 14 అంగుళాల రిమ్‌కి వెడల్పుగా ఉంటుందని 185/65 ఆర్14 వేయిస్తే ఎత్తు 596కి పడిపోతుంది. దాదాపు 4 శాతం తేడా. మీటర్ ఆ మేరకు ఇంకా ఎక్కువ చెప్తుంది, కిలోమీటర్లు కూడా ఎక్కువ తిరిగినట్టు లెక్కలోకి వస్తాయి. పెద్ద టైర్లు వేయించినవాళ్లది దీనికి రివర్స్. స్టైల్‌గా ఉంటుంది గానీ స్పీడోమీటర్ తక్కువ చెప్పడం మొదలుపెడుతుంది. టైర్ అరగడం వల్ల కూడా తేడా వస్తుంది గానీ అది రెండు శాతం లోపే.

లెక్క సులువు. వెడల్పుని శాతంతో గుణించి రెట్టింపు చేసి, రిమ్ అంగుళాలను 25.4తో గుణించి కలపాలి. పాత టైర్, కొత్త టైర్ రెండింటికీ వేసి చూసుకుని కొనడం మంచిది.

ఓడోమీటర్, సెకండ్ హ్యాండ్ కార్లు

ఒక విషయం చాలామందికి తెలియదు. స్పీడోమీటర్ ఎక్కువ చెప్పినంత మాత్రాన ఓడోమీటర్ కూడా అంతే ఎక్కువ చెప్పదు. వేగానికి కలిపే మార్జిన్ స్క్రీన్ మీద అంకెకే, దూరం లెక్కకు కాదు. చెక్ చేయాలంటే ట్రిప్ మీటర్ సున్నా చేసి, హైవే మీద ఓ 50 కిలోమీటర్లు జీపీఎస్ రికార్డుతో పోల్చాలి. ఒకటి రెండు శాతం తేడా సహజం.

ఓడోమీటర్‌లో అసలు సమస్య మీటర్ తప్పడం కాదు, మనిషి తిప్పడం. డిజిటల్ వచ్చాక తిప్పలేరని అనుకుంటారు. నిజానికి పని ఇంకా తేలికైంది, ల్యాప్‌టాప్ పెట్టి అంకె మార్చేస్తున్నారు. లక్షా ఇరవై వేలు తిరిగిన బండిని యాభై వేలు అని అమ్మితే కొన్నవాళ్ల దగ్గర ధరలో పోయేది పోగా, టైమింగ్ బెల్టు, క్లచ్, సస్పెన్షన్ ఖర్చు తర్వాత నెత్తిన పడుతుంది.

కొనే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్లో రిజిస్ట్రేషన్ నంబరు చెప్పి సర్వీస్ హిస్టరీ అడగాలి. ఓనర్ పక్కన ఉంటే సాధారణంగా ఇస్తారు. ప్రతి సర్వీస్‌కి తేదీ, కిలోమీటర్లు ఉంటాయి. 2021లో 64,000 ఉండి ఇప్పుడు 48,000 ఉంటే ఇంకేం చూడక్కర్లేదు. హిస్టరీ లేకపోతే టైర్ పక్క గోడ మీది నాలుగంకెల కోడ్ చూడాలి. 2318 అంటే 2018లో 23వ వారం తయారీ. మీటర్ 25,000 అంటుంటే, టైర్లన్నీ కారు కంటే మూడేళ్ల కొత్తవైతే ఎందుకు మార్చారని అడగాలి. బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్ మెరుస్తూ, డ్రైవర్ సీటు పక్క కుట్టు విడిపోయి ఉంటే ఆ బండి ఇరవై ముప్పై వేల బండి కాదు. మంచి స్కానర్ ఉన్న మెకానిక్ అయితే కొన్ని మోడళ్లలో ఇతర కంప్యూటర్ యూనిట్లలో నమోదైన కిలోమీటర్లు కూడా తీసి చూపిస్తాడు.

పెట్రోల్ ముల్లు

ట్యాంకు లోపల తేలే ఫ్లోట్ ఒకటి ఉంటుంది. అది ఎక్కడ ఉంటే ముల్లు అక్కడ. ట్యాంకు ఆకారం సమంగా ఉండదు కాబట్టి పై సగం మెల్లగా, కింది సగం త్వరగా అయిపోయినట్టు అనిపిస్తుంది. వాలు మీద ఆపితే రీడింగ్ మారుతుంది.

రిజర్వ్ లైట్ వెలిగినప్పుడు నిజంగా ఎంత మిగిలిందో తెలుసుకోవాలంటే, లైట్ వెలగగానే బంకుకి వెళ్లి ఆటో కట్ అయ్యేదాకా ఫుల్ చేయించాలి. 37 లీటర్ల ట్యాంకులో 31 పట్టిందంటే సుమారు 6 లీటర్లు మిగిలినట్టు. ఇక్కడే బంకుల్లో గొడవలు కూడా వస్తుంటాయి. 37 లీటర్ల ట్యాంకులో 39 లీటర్లు ఎలా పట్టింది, మోసం అని. కంపెనీ చెప్పే కెపాసిటీ పైన కొంత ఖాళీ వదిలి చెప్పిన లెక్క, మూతి దాకా పోస్తే ఇంకా పడుతుంది. నిజంగానే కొలత మీద అనుమానం ఉంటే బంకులో లీగల్ మెట్రాలజీ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలత పాత్ర ఉంటుంది, అందులో పోసి చూపించమని అడిగే హక్కు కస్టమర్‌కి ఉంది. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా తేడాను అనుమతిస్తారు.

డ్యాష్‌బోర్డు చూపించే మైలేజ్‌ని ఉన్నదున్నట్టు నమ్మొద్దు. ఫుల్ చేసి ట్రిప్ సున్నా చేయాలి, మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో అదే ఆటో కట్ దాకా నింపాలి. 400 కిలోమీటర్లకు 26 లీటర్లు పడితే మైలేజ్ 15.4. స్క్రీన్ 17 అంటున్నా సరే. ఒక్కసారితో కాదు, మూడు ట్యాంకుల సగటు తీయాలి. ఇంకా ఇన్ని కిలోమీటర్లు పోవచ్చు అని చూపే అంకె కూడా ఇటీవలి డ్రైవింగ్ మీద వేసిన అంచనానే. హైవే దిగి సిటీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అది జారిపోతుంది.

వేడి ముల్లు, హెచ్చరిక లైట్లు

చాలా కార్లలో కూలెంట్ వేడి 80 నుంచి 100 డిగ్రీల మధ్య ఎంత ఉన్నా ముల్లు నడిమధ్యే నిలబడేలా కంపెనీ పెడుతుంది, డ్రైవర్ కంగారు పడకూడదని. కొన్ని చిన్న కార్లలో ముల్లే లేదు, నీలం లైటు, ఎర్ర లైటు అంతే. అసలు అంకె కావాలంటే స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కి బ్లూటూత్ అడాప్టర్ పెట్టాలి. కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది, ఫోన్లో యాప్ వేసుకుంటే డిగ్రీల్లో చూపిస్తుంది. సెన్సర్ సరిగా ఉందా అంటే, రాత్రంతా ఆగిన కారుకి తెల్లారి స్టార్ట్ చేయకముందు రీడింగ్ చూడాలి. బయటి వేడికి దగ్గరగా ఉండాలి. బయట 28 ఉంటే అది 60 చూపిస్తే సెన్సర్ పోయినట్టే.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్ నీళ్లలో కాకుండా గాలిలో ఉంటుంది. అప్పుడు ఇంజిన్ మాడిపోతున్నా ముల్లు కిందికే ఉండొచ్చు. ఎండాకాలం లాంగ్ డ్రైవ్‌లో ఉన్నట్టుండి ముల్లు పడిపోయి, ఏసీ వేడి గాలి కొడితే వెంటనే పక్కకి ఆపాలి. రేడియేటర్ మూత మాత్రం చల్లారేదాకా తీయకూడదు.

ఆయిల్ బొమ్మ ఉన్న ఎర్ర లైటు ఆయిల్ ప్రెషర్ గురించి, ఆయిల్ ఎంత ఉందో చెప్పదు. అది వెలిగేటప్పటికే ఆలస్యం కావొచ్చు, అందుకే డిప్‌స్టిక్ చూసే అలవాటు ఉండాలి. బ్యాటరీ లైటు కూడా బ్యాటరీ ఆరోగ్యం కాదు, ఛార్జింగ్ సంగతి. మల్టీమీటర్ పెడితే ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, నడుస్తున్నప్పుడు 14కి అటూ ఇటూ రావాలి.

సెకండ్ హ్యాండ్ కారు చూసేటప్పుడు తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా ఆగాలి. చెక్ ఇంజిన్, ఆయిల్, బ్యాటరీ, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లన్నీ వెలగాలి. స్టార్ట్ చేశాక ఆరిపోవాలి. ఏ లైటైనా అసలు వెలగకపోతే సంతోషించొద్దు, బల్బు తీసేసి లోపం దాచి ఉండొచ్చు. ఎయిర్‌బ్యాగ్ లైటు వేరే లైటుతో కలిసి ఒకే క్షణంలో ఆరితే స్కానర్ పెట్టించకుండా అడ్వాన్స్ ఇవ్వకూడదు.

మీటర్ బోర్డే పాడై మార్చాల్సి వస్తే, పాత రీడింగ్, మార్చిన తేదీ, కొత్త బోర్డులో పెట్టిన కిలోమీటర్లు బిల్లు మీద రాయించుకుని కారు కాగితాలతో పాటే ఉంచుకోవాలి. లేకపోతే రేపు అమ్మే రోజున మీటర్ తిప్పారన్న అనుమానం ఆ ఓనర్ మీదకే వస్తుంది.