ఉత్తుత్తి లడ్లు, నిజం పెరుగన్నం

పోయిన వేసవి సెలవుల్లో మా మనవరాలు వచ్చి, వడపళనిలో ఉన్న పెద్ద మాల్‌కి తీసుకెళ్ళమంది. పై అంతస్తులో కూర్చుని నూడుల్స్ తింటూ, "నువ్వేం తినవా అమ్మమ్మా?" అని అడిగింది. "నేను ఇక్కడ ఎన్నోసార్లు తిన్నానే," అన్నాను. దానికి నవ్వొచ్చింది. ఆ మాల్ తెరిచింది 2013లో. నేను తిన్నది 1969లో. అప్పుడది విజయా వాహినీ స్టూడియో.

పాతాళభైరవి (1951), మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957) తీసిన విజయా సంస్థ ఆ స్టూడియోదే. నాగిరెడ్డిగారిది కడప జిల్లా, చక్రపాణిగారిది తెనాలి. మా నాన్నదీ తెనాలి పక్క పల్లెటూరే. సినిమా అంటే మద్రాసే అనుకునే ఆ రోజుల్లో వచ్చి, సెట్ల కోసం ప్లాస్టర్‌తో స్తంభాలూ బొమ్మలూ పోతపోసే పనిలో కుదిరాడు. స్కూలు ఫైనలు అయ్యాక నేనూ ఆయన వెంట వెళ్ళేదాన్ని. రంగులు వేయడం నా పని.

ఒకసారి రాజుగారి విందు సెట్టు వేశారు. ముందు వరసలో నిజం పళ్ళు, వెనక పళ్ళేల్లో మావి. రంపపు పొట్టుతో ఉండలు చుట్టి, పైన ప్లాస్టర్ పూసి, ఆరాక పసుపు రంగు వేస్తే లడ్లు. రెండు రోజుల్లో వందకు పైగా చేశాను. రంగు వాసనకి తల తిరుగుతున్నా, వాటిని చూస్తుంటే ఆకలేసేది!

మధ్యాహ్నం షెడ్డు వెనక వేపచెట్టు కింద చేరేవాళ్ళం. కుట్టుపని చేసే తమిళావిడ వత్తకుళంబు తెచ్చేది. మా గోంగూర పచ్చడిని పుళిచ్చకీరై అంటూ అడిగి మరీ వేయించుకునేది. మాయాబజార్‌ని తెలుగులోనూ తమిళంలోనూ తీసిన చోటది. మా అన్నాల దగ్గరా రెండు భాషలూ కలిసిపోయేవి.

ఆ విందు సెట్టులో చెలికత్తె వేషం వేసినావిడ ఒకరు మా పక్కన కూర్చునేది. పట్టుచీర పాడవకుండా ఒళ్ళో తువ్వాలు పరుచుకుని, పెట్టిన అన్నంలో సగమే తిని మిగతాది డబ్బాలో సర్దేది. "ఆకలి లేదమ్మా," అనేది. ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారని తర్వాత తెలిసింది. షూటింగు ఉన్న రోజే ఆమెకి కూలి. నాన్న మర్నాటి నుంచి ఏమీ అనకుండా మా క్యారియర్‌లో ఒక గిన్నె పెరుగన్నం ఎక్కువ పెట్టించుకునేవాడు. ఆమె సర్దుకున్నాక, "ఇది మిగిలిపోయింది, పారేయాలి, తిందూ," అని ముందుకి జరిపేవాడు. రాజుగారి విందులో ఆమె రోజంతా నిలబడి చూసింది నా ఉత్తుత్తి లడ్లని. కడుపు నిండింది మాత్రం చెట్టు కింద.

1972లో నాకు పెళ్ళయింది. పని మానేశాను. అదే ఏడు స్టూడియో స్థలంలో కొంత భాగంలో విజయా హాస్పిటల్ వచ్చింది. మా అమ్మాయి అక్కడే పుట్టింది. 1976లో హైదరాబాదులో అన్నపూర్ణా స్టూడియో మొదలయ్యాక, తెలుగు సినిమాలు మెల్లమెల్లగా అటు తరలిపోయాయి. నాన్న మాత్రం వెళ్ళలేదు. ఈ వయసులో మళ్ళీ ఊరు మారలేనన్నాడు. పని తగ్గిపోయింది. ప్లాస్టర్‌తో పగిలిన ఆయన అరిచేతులు చివరిదాకా మెత్తబడలేదు.

ఏ సినిమాలోనూ ఆయన పేరు పడలేదు. చెలికత్తె వేషమావిడదీ పడలేదు. మాయాబజార్‌లో ఘటోత్కచుడి విందు వచ్చినప్పుడు మా ఇంట్లో అందరూ రంగారావుగారిని చూస్తారు. నేను ఆ పళ్ళేలు చూస్తాను. అవి ఎవరి చేతులు సర్దాయో, వాళ్ళు ఆ పూట ఏం తిన్నారో అనుకుంటాను.

మాల్‌లో మనవరాలు సగం నూడుల్స్ వదిలేసి లేవబోయింది. "డబ్బాలో పెట్టమని అడుగు," అన్నాను. ఎందుకని అడిగింది. ఇంటికి వచ్చే దారంతా ఈ కథే చెప్పాను.