కత్తెర, జిగురు, కాగితం పూలు

పదవీ విరమణ తర్వాత పాత శుభలేఖల్లోని పూలు కత్తిరించి, అట్టమీద అంటించి సంక్రాంతి గ్రీటింగు కార్డులు చేస్తున్నాను. ఈ విద్యను ఫ్రెంచివారు 'డెకుపాజ్' అన్నారు. 18వ శతాబ్దంలో వెనిస్‌లో ఖరీదైన తూర్పుదేశాల లక్క సామాను కొనలేనివారి కోసం అచ్చుబొమ్మలు కత్తిరించి చెక్కకు అంటించి, వార్నిష్ పూతలు వేసేవారు. పేదవాని లక్క అన్నమాట!

నన్ను కదిలించింది మాత్రం ఇంగ్లండులోని మేరీ డెలానీ. భర్త పోయిన నాలుగేళ్లకు, 1772లో, 72వ ఏట, రంగు కాగితాల ముక్కలతో నల్లకాగితంపై పూలు కూర్చడం మొదలుపెట్టింది. కొన్ని పూలకు వందలకొద్దీ ముక్కలు! పదేళ్లలో దాదాపు వెయ్యి పూలు చేసి, చూపు మందగించి 1782లో మానేసింది. అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

నాకూ కుడికంట శుక్లం ముదురుతోంది. పండక్కి ఇంకా పదకొండు కార్డులు చెయ్యాలి.