పంతులే పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు

1823లో బళ్లారి కలెక్టర్ ఏ.డి. కాంప్‌బెల్ తన జిల్లా బడుల మీద మద్రాసుకు నివేదిక పంపాడు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్నా. మూడోవాడి నుంచి దెబ్బలు మొదలు, వెనకబడినకొద్దీ ఒక్కోటి ఎక్కువ. బద్ధకస్తుణ్ణి చేతులు కట్టి దూలానికి వేలాడదీసేవారు. మన తాతలు కోదండం అన్నది దీన్నే. అదే బడిలో పెద్దపిల్లలు చిన్నవాళ్లకు చదువు చెప్పే పద్ధతిని మాత్రం కాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. ఆసరా అంటూ ఉంటే అది తోటి పిల్లల దగ్గరే దొరికేదన్నమాట.

గురువు కోసం శిష్యుడు పడ్డ పాట్లు మనకు బోలెడు తెలుసు. శిష్యుడి కోసం గురువు పడ్డ శ్రమ చూడాలంటే పర్లాకిమిడి వెళ్లాలి. అక్కడ మేష్టరుగా ఉన్న గిడుగు వెంకట రామమూర్తి, కొండల్లోని సవరలకు చదువు చెప్పాలంటే ముందు తానే వాళ్ల మాట నేర్చుకోవాలనుకున్నారు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. ఆయన్ను వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగానే గుర్తుంచుకున్నాం గానీ, ఆ ఉద్యమం వేరు కూడా తరగతి గదిలోనే ఉంది: పిల్లవాడికి అర్థంకాని గ్రాంథికంలో పాఠమెందుకన్నదే ఆయన గొడవ.

పిల్లల కోసం కదిలిన మరో గురువు కాకినాడలో కనిపిస్తారు. అక్కడి పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాల్‌గా రఘుపతి వెంకటరత్నం నాయుడు ఆడపిల్లలనూ, అంటరానివారన్న ముద్ర పడిన కులాల పిల్లలనూ చేర్చుకున్నారు. ఆయన ప్రభావంలో పెరిగిన విద్యార్థుల్లో దేవులపల్లి కృష్ణశాస్త్రి ఒకరు.

1971లో, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా, అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. గంట కొట్టాక ఇంటికి పోయే మేష్టర్లు కారు అక్కడివాళ్లు. భోజనాల దగ్గరా, రాత్రి చదువుల దగ్గరా పిల్లలతోనే. పల్లె పిల్లలకు ట్యూషన్ లేని లోటు అక్కడ తీరింది.

ఈ దగ్గరితనానికి ఫలితం ఎంతన్నది అమెరికాలో హామ్రీ, పియాంటా అనే పరిశోధకులు లెక్కగట్టారు. 179 మంది పిల్లలను కిండర్‌గార్టెన్ నుంచి ఎనిమిదో తరగతి దాకా గమనించి, 2001లో ఫలితాలు ప్రచురించారు. మొదటి ఏడాది టీచరుతో పొసగని పిల్లల్లో ఏళ్ల తర్వాత కూడా మార్కులు తగ్గడం, ప్రవర్తన చిక్కులు కనిపించాయి. మగపిల్లల్లో ఇది మరీ ఎక్కువ.

మన దగ్గర 2010 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం, 17వ సెక్షన్ కింద, కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ప్రాథమిక బడిలో 30 మందికి ఒక టీచరుండాలనీ చెప్పింది. అయినా ఏకోపాధ్యాయ బడులు ఇంకా ఉన్నాయి. అక్కడ ఐదు తరగతులనూ ఒక్కరే చూడాలి కాబట్టి ఒక్కో పిల్లాడితో మాట్లాడే తీరికుండదు. బదిలీ కాకపోతే మాత్రం, ఒకటో తరగతిలో చేరిన పిల్లకు ఐదేళ్లూ అదే టీచరు. ఇల్లూవాకిలీ, అమ్మానాన్నల వలసలతో సహా అన్నీ తెలిసిన మనిషి.