బందగీ చేయని బందగీ

తెలంగాణ సాయుధ పోరాటం తారీఖు చెప్పేటప్పుడు ముస్లిం అన్న మాట ఎక్కువగా రజాకార్ల దగ్గరే వినిపిస్తుంది. దానిమీద నాకు షికాయత్ లేదు. జుల్మ్ చేసినవాణ్ణి జాలిమ్ అనాల్సిందే. కానీ రజాకార్ల జోరుకు ముందే, అదే గడ్డమీద, దొరకు ఎదురు తిరిగి ప్రాణమిచ్చిన మన రైతు ఒకాయన ఉన్నాడు. షేక్ బందగీ.

ఆయన ఊరు కామారెడ్డిగూడెం. దేవరుప్పుల దగ్గర చిన్న పల్లె. ఇప్పుడు జనగామ జిల్లా అంటున్నాం గానీ నిజాం జమానాలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనే ఉండేది. అక్కడ హుకుం అంతా విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డిది. అరవై ఊళ్లు, నలభై వేల ఎకరాలు అని చెబుతారు. జనం వెట్టి చేస్తూ 'నీ బాంచన్ కాల్మొక్తా' అనే రోజులవి.

బందగీ అన్న అబ్బాస్ అలీ దొర పక్షం. తమ్ముళ్లు సాగు చేసుకునే జమీన్‌లో వాటా అడిగాడు, వెనక దొర నిలబడ్డాడు. సొంత ఖూన్ అటుంది, హుకూమత్ అటుంది. అయినా బందగీ తగ్గలేదు, అదాలత్‌కెక్కాడు. ముకద్దమా గెలిచాడు కూడా! దొరమీద రైతు గెలవడమే ఆ ఇలాఖాలో పెద్ద వింత. 1940లో దొర మనుషులు ఆయన్ని నరికి చంపారు. బందగీ అంటే ఇబాదత్ అనీ, గులామీ అనీ రెండర్థాలు. ఆ పేరు పెట్టిన అమ్మీఅబ్బా మనసులో ఉన్నది మొదటిదే అయ్యుంటుంది.

ఆరేళ్ల తర్వాత, 1946 జూలై 4న, పక్కనే కడవెండిలో అదే దొర మనుషుల తుపాకీకి దొడ్డి కొమరయ్య బలయ్యాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట కోసం తలపడింది కూడా ఆ దొరతోనే. ముగ్గురి ఊళ్లూ దగ్గర దగ్గరే. ఒక షేక్, ఒక కురుమ, ఒక చాకలి. జాలిమ్ ఒక్కడే.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన 'మాభూమి' నాటకానికి బందగీ షహాదతే ప్రేరణ. అదే పేరుతో 1979లో వచ్చిన సినిమా వేరు. దానికి మూలం కృషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. తెలంగాణ రైతు కథ ఉర్దూలో కూడా ఉందని మన ఇళ్లలో ఎంతమందికి ఎరుక?

బందగీ మజార్ సొంత ఊళ్లోనే ఉంది. చుట్టుపక్కల రైతులు, హిందువులూ ముస్లింలూ కలిసి అక్కడ ఉర్సు చేసేవారు. జనగామ నుంచి సూర్యాపేట వెళ్లేటప్పుడు కాసేపు బండి ఆపి ఫాతిహా చదవండి. వెంట పిల్లలుంటే వాళ్లనూ దింపండి.