క్షురకుని తోలుపట్టీ

భద్రాచలమున గోదావరి యొడ్డున తలనీలాలిచ్చు యాత్రికులను చూడనివారు మన పాఠకులలో నరుదు. మేము నొక యేడు ఖమ్మమునుండి పాల్వంచ యడవిదారిని అచటికి బోయి, రేవుచెంత నొక వృద్ధక్షురకుని పొదిలో మూరెడు తోలుపట్టీని చూచితిమి. ఇప్పుడాయన వాడునది, ఒకరికి వాడి పారవేయు బ్లేడే. అయినను పట్టీని విడువలేదు.

మేము చూచుచుండగనే దానిని తడిగుడ్డతో దుమ్ముపోవ తుడిచి, నీడను ఆరనిచ్చి, రెండుచుక్కల ఆముదము వేసి, తోలు వెచ్చనగువరకు అరచేత రుద్దెను. ఎండ నారవేసిన బీటలు వారును. నూనె యెక్కువైనచో కత్తి జారునేగాని పదును తేరదు. అన్నిటికంటె చెడ్డది గోదావరి యిసుక. ఒక్కరేణువు తోలులో దిగబడిన, కత్తియంచు పాడగును. కత్తిని వెన్ను ముందుగా లాగవలెను. కొసను త్రిప్పునపుడును వెన్నుమీదనే త్రిప్పవలెను. అంచుమీద త్రిప్పినవాడు తన పట్టీని తానే కోసికొనును.

సానరాయి యినుము నరగదీయును. తోలు చేయు పని వేరు; రాతిపై నూరినప్పుడు లేచిన సన్నని పొరను సరిచేసి యంచును నిలుపును. ఈ భేదము మన పూర్వులెరుగనిది కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున, శస్త్రములను మినుమువన్నెగల నున్ననిరాతిపై నూరవలెననియు, అంచు నిలుపుటకు బూరుగుపలక వాడవలెననియు గలదు. మన్యమున బూరుగుచెట్లకు కొదువ లేదు. అయినను మన క్షురకులు తోలునే నమ్మిరి. తోలు లేనివారికి అరచేయియే పట్టీ.

ఆ తోలెక్కడిది? చచ్చిన పశువును మోసికొనిపోయి, సున్నమున వెండ్రుకలూడ్చి, లందలో తంగేడుచెక్క నీట దినములతరబడి నానవేసి మాదిగ చేసినది. దానిపై తేరిన కత్తి శ్రోత్రియుని గడ్డమును ముట్టెను, దొరగారి గడ్డమును ముట్టెను. తోలు చేసినవాని గడ్డమును మాత్రము ముట్టలేదు. పెక్కూళ్లలో మాదిగలకు ఊరిక్షురకుడు క్షౌరము చేసెడివాడు కాడు. వారు తమలో నొకరిచేతనే చేయించుకొనవలసివచ్చెడిది. దీనిని ఆచారమని సరిపెట్టుకొన్న చదువరులలో మావంటి యుపాధ్యాయులును గలరు.

క్షురకుని నిందించుట సులభము. అతడు మాత్రము స్వతంత్రుడా? మాదిగను ముట్టెనేని పెద్దకులములవారు పిలిచెడివారు కారు. పిలువనిచో గింజలు దొరకెడివి కావు. నైజాము తెలంగాణమున నిరువురును దొరగారికి వెట్టివారే: ఒకడు కూలిలేక క్షౌరము చేయవలెను, ఒకడు కూలిలేక చెప్పులు కుట్టియీయవలెను. 1945లో ఆంధ్రమహాసభ ఖమ్మమున గూడునాటికి, వెట్టి పోవలెననుమాట పల్లెలకు బాకియుండెను. కాని వెట్టిలో సములైన యీ యిరువురు కత్తియెదుట సములు కాలేదు.

1950లో రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుచేసెను. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరముల చట్టము, దుకాణమనగా నేమో చెప్పుచు క్షౌరశాలను పేరుపెట్టి చేర్చినది. ఒక మహాదేశపు శాసనసభ మంగలికొట్టును ప్రత్యేకముగా తలపవలసివచ్చెననిన, అచ్చట గడపదాటుట యెంత కష్టమైయుండెనో పాఠకులే యూహింపగలరు.

మేమా వృద్ధుని, "తాతా, ఈ తోలిచ్చిన యింటివారికి నీవు క్షౌరము చేసితివా?" యని యడిగితిమి.

ఆయన కొంతసేపు పట్టీనే చూచి, "మా నాయిన చెయ్యలేదయ్యా. నేను కొట్టు పెట్టినంక చేసిన. అప్పుడు సగంమంది రాకుండ పోయిన్రు" అని, పట్టీని చుట్టి పొదిలో పెట్టుకొనెను.