అమెరికా క్యాసెట్, జనగామ టీవీ

కేబుల్ ఉన్న ప్రతి ఇంట్లో సెట్‌టాప్ బాక్సు ఉండాల్సిందేనంటూ జనగామ లాంటి పట్టణాలకు కేంద్రం పెట్టిన గడువు 2015 డిసెంబరు 31. బాక్సులు సరిపోక హైదరాబాద్ హైకోర్టు ఇంకో రెండు నెలలు పొడిగించింది. ఆ గడువుకు పదేళ్లు నిండాయి.

తెర మీది బొమ్మ ఈ నేలకు కొత్త కాదు. జనగామ దగ్గరి పాలకుర్తివాడైన కవి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తోలుబొమ్మలాటను ప్రస్తావించాడు. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్లకు చేర్యాల పటాలు కనిపిస్తాయి. 2016 దాకా చేర్యాల కూడా జనగామలాగే వరంగల్ జిల్లాలోదే. నకాషీ చిత్రకారులు గుడ్డ మీద కథంతా వరసగా గీసిస్తే, కూనపులివాళ్లు పద్మశాలీల వాడకట్టులో పటం విప్పుతూ మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. ఆ తర్వాత సినిమా, 1982లో రంగుల దూరదర్శన్.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కాలం వీసీఆర్‌ది. అమెరికా వెళ్లిన పిల్లలు మనవడి పుట్టినరోజు వీహెచ్ఎస్ క్యాసెట్ మీద తీసి పంపేవాళ్లు. క్యాసెట్ అచ్చం మన దానిలాగే ఉండేది, వీసీఆర్‌లోనూ పట్టేది. బొమ్మ మాత్రం నిలిచేది కాదు. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. దాన్నిబట్టే అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీకి సెకనుకు దాదాపు 30 ఫ్రేములు, మన పద్ధతి పాల్‌కు 25. బొమ్మలో గీతలూ వేరే, అక్కడ 525, మనకు 625. ముందు అందరి అనుమానమూ టేపు చదివే హెడ్డు మీదికే పోయేది. మెకానిక్ మూత విప్పి, స్పిరిట్ అద్దిన గుడ్డతో హెడ్డు తుడిచినా ఫలితం ఉండేది కాదు. ఎన్‌టీఎస్‌సీ క్యాసెట్ నడిపే వీసీఆర్ ఎక్కడైనా దొరికితే అసలు పని టీవీ దగ్గర మొదలయ్యేది. వెనకనున్న వర్టికల్ హోల్డ్ నాబ్‌ను గోటితో కొంచెం కొంచెం తిప్పుతుంటే, పైకీ కిందికీ దొర్లే బొమ్మ ఒకచోట ఆగేది. రంగు రాకపోయినా నాయనమ్మకు మనవడి మొహం కనిపించేది. ఆ నాబ్ తిప్పిన చేతులంటే నాకు ఇప్పటికీ గౌరవం.

డీవీడీల కాలంలో ఈ తంటా ఇంకా చిక్కుపడింది. ప్రాంతాలవారీ కోడ్ ప్రకారం అమెరికా డిస్కు ఒకటో రీజియన్, మన ప్లేయరు అయిదో రీజియన్. యంత్రానికి చదివే శక్తి ఉన్నా లోపలి ఫర్మ్‌వేర్ ఒప్పుకునేది కాదు. సెట్‌టాప్ బాక్సుకైతే కొత్త సాఫ్ట్‌వేర్ చానళ్లొచ్చే కేబుల్‌లోనే వస్తుంది. ఫ్లాష్ మెమరీలోకి ఎక్కుతుండగా కరెంటు పోతే కొన్ని బాక్సులు లోగో దగ్గరే ఆగిపోతాయి. అప్పుడు విప్పి చూసినా తిప్పడానికి నాబ్ ఉండదు. ఎంపెగ్-2 అనే పాత వీడియో పద్ధతి చిప్పే ఉన్న పాత డీటీహెచ్ బాక్సు ఎన్ని అప్‌డేట్లు ఎక్కించినా కొత్త పద్ధతైన ఎంపెగ్-4 చానల్ చూపలేదు. స్మార్ట్ టీవీలదీ అంతే. 2015 ఏప్రిల్‌లో యూట్యూబ్ తన పాత టీవీ యాప్ సమాచారం తెచ్చుకునే పద్ధతిని ఆపేయగానే, 2012కు ముందువైన ఎన్నో టీవీల్లో ఆ యాప్ పనిచేయలేదు. తెర, స్పీకరు బాగానే ఉన్నాయి.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, భద్రతా అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో నెట్‌కు కలిసే వస్తువుల తయారీదారులు ముందే చెప్పి తీరాలి. స్మార్ట్ టీవీలూ అందులో ఉన్నాయి. మన షాపుల్లో అందరం అడిగేది వారంటీ ఎన్నేళ్లనే. అప్‌డేట్లు ఎన్నేళ్లిస్తారో కూడా అడగాలి, ఆ జవాబు బిల్లు మీద రాయించుకోవాలి.